కళ్ళజోళ్ళమ్మ

చిట్టి మొగుడు పది రోజుల జ్వరంతో పోయాడు. మనిషి మంచివాడే, చేతిలో పనున్నవాడే. టైర్ల దుకాణం నడిపేవాడు. కాకపోతే ఎవరు అడిగినా కాదనలేని నోరు, ఎవరి ముందైనా చాపగలిగే చెయ్యి. బతికున్నన్నాళ్ళూ అదొక సరదాగానే గడిచిపోయింది. పోయాక తెలిసింది, దుకాణంలో గాలి కొట్టే మిషను దగ్గర్నుంచి ఇంట్లో పాప పడుకునే మంచం దాకా అన్నీ ఎవరెవరి డబ్బుతోనో కొన్నవని. నెల తిరక్కముందే ఒకాయన వచ్చి, "ఏమనుకోకమ్మా, నాదీ పిల్లలుగల కొంపే" అంటూ ఆ మంచాన్ని కూలివాడి తలమీద పెట్టించుకుని పోయాడు. నాలుగేళ్ళ పాప గుమ్మంలో నిలబడి చూసి, "మళ్ళీ ఎప్పుడు తెస్తారు?" అని అడిగింది.

ఆ రోజే చిట్టి ఒట్టు పెట్టుకుంది. అడుక్కునైనా తింటుంది గానీ అప్పు మాత్రం చెయ్యదు.

చిట్టికి ఒక అక్క ఉంది. బస్సెక్కితే మూడు గంటల దూరం. పెళ్ళయి పన్నెండేళ్ళయినా పిల్లల్లేరు. బావ నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు, పెద్దగా మాట్లాడడు. అప్పులవాళ్ళ గొడవ విని అక్క పరుగెత్తుకొచ్చింది. వస్తూనే పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "నువ్వు కాళ్ళమీద నిలబడేదాకా దీన్ని నా దగ్గరుంచవే. పెద్దమ్మని, పరాయిదాన్నా?" అంది.

చిట్టి తలూపింది. అక్క గొంతు తగ్గించింది. "ఇంకోమాట. మీ బావ లక్ష సర్దుతానన్నాడు. ఎప్పుడుంటే అప్పుడివ్వు, అడిగేవాళ్ళెవరూ లేరు."

"వద్దక్కా. పాపని చూసుకో, అదే నాకు కొండంత. డబ్బు మాట ఎత్తావో, నీ గుమ్మం తొక్కను."

"చిన్నప్పట్నుంచీ నీ పంతం నీదేగా," అంది అక్క. కళ్ళు తుడుచుకుంటూ పాప బట్టలు సర్దుకుంది.

చిట్టికి ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో పని దొరికింది. దుకాణం ముందుభాగమంతా తళతళలు, వెలుగులు. వెనక గది మాత్రం ఇరుకు. గుండ్రటి అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీసే మిషను అక్కడుంది, దానిమీద ఎడతెగకుండా కారే నీటిధార. సాయంత్రానికి గోళ్ళ సందుల్లో తెల్లటి పొడి పేరుకునేది. ఆ గదికి పెద్దదిక్కు ఒక ముసలాయన. అద్దాన్ని కంటికెదురుగా పట్టుకుని అటూ ఇటూ ఊపి నంబరు చెప్పేస్తాడు, ఆ తర్వాత మిషనూ అదే చెబుతుంది. అందుకని అందరూ ఆయన్ని పవర్ తాత అంటారు.

ఆర్నెల్లు తిరిగేసరికి చిట్టికి చేతిలో పని కుదిరింది. మనసు మాత్రం కుదరలేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే బస్సెక్కేది, పాపను చూసి సాయంత్రానికి తిరిగొచ్చేది. దిగేటప్పుడు పాప పరుగెత్తుకొచ్చి నడుం చుట్టేసుకునేది. ఎక్కేటప్పుడు కొంగు వదిలేది కాదు. బావ వచ్చి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసేవాడు. బస్సు కదిలాక చిట్టి కిటికీ వైపు మొహం తిప్పుకుని మూడు గంటలూ అలాగే కూర్చునేది.

ఒక రోజు మధ్యాహ్నం బిల్లు పుస్తకం వెనక కాగితం చింపి లెక్క వేసింది. టైర్ల కంపెనీవాడి బాకీ ఇంకా తీరాలి. రెండు గదుల ఇంటికి అడ్వాన్సు కట్టాలి. పాపను ఒకటో తరగతిలో చేర్చాలంటే ఫీజు, ఒక మంచం, నాలుగు గిన్నెలు. అంతా కలిపి రెండు లక్షలు. జీతం పద్నాలుగు వేలు. ఎంత బిగబట్టినా నెలకు మిగిలేది మూడున్నర వేలు.

"దీని తస్సదియ్యా, అయిదేళ్ళు," అంది పైకే.

పవర్ తాత తలెత్తాడు. "ఏవిటి అయిదేళ్ళు?"

"పాపని తెచ్చుకోడానికి. అప్పటికి అది నాకంటే పొడుగైపోతుంది తాతా."

"నీ పేరే చిట్టి. చీటీ పాటలా నెలనెలా కట్టడం నీకు వేరే నేర్పాలా?" అని నవ్వాడు తాత. కాగితం తీసుకుని చూశాడు, నవ్వు తగ్గింది. "ఖర్చు కోస్తే కొంత వస్తుంది. మిగతాది రెక్కలాడించాల్సిందే."

బడులు తెరవడానికి పదమూడు నెలలుంది. చిట్టి ఆ పదమూడు నెలల్ని పట్టుకుంది.

ఉన్న గది వదిలేసి, ముగ్గురు ఆడవాళ్ళతో కలిసి మంచానికింతని అద్దె ఇచ్చే గదిలోకి మారింది. దుకాణానికి నడక. పొద్దున రొట్టె, మధ్యాహ్నం అన్నం, రాత్రికి మంచినీళ్ళు. చెవులకున్నవి అమ్మేసింది. జడ మోకాళ్ళదాకా ఉండేది, నూనె ఖర్చని భుజాల దాకా కత్తిరించుకుంది. నోరు కట్టుకోవడమంటే ఏమిటో లోకానికి ఆమెను చూపించి చెప్పొచ్చు. తెల్లవారుజామున అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో పాలపాకెట్లు వేసేది. లిఫ్టు పాలవాళ్ళకు కాదు, మెట్లెక్కాలి. సాయంత్రం దుకాణం మూశాక ఒక రిటైరైన టీచరమ్మ ఇంటికి వెళ్ళేది. ఆవిడకు ఏ అద్దమూ పనికిరాని స్థితి వచ్చేసింది. పుస్తకం చదివి వినిపిస్తే నెలకు రెండు వేలు. ఆవిడకు పిల్లల కథలంటే ఇష్టం. చిట్టి కోతి గొంతూ మొసలి గొంతూ మార్చి మార్చి చదువుతుంటే ఆవిడ పసిపిల్లలా పకపకా నవ్వేది. "నీ కూతురు అదృష్టవంతురాలమ్మా" అనేది. చిట్టి పేజీ తిప్పేది.

ఇక మిగిలింది ఆదివారం. ఊళ్ళో ఒక పెద్ద బట్టల షాపులో ఆదివారాలు సరుకు లెక్కపెట్టే పనుంది, రోజుకు ఏడువందల యాభై. పాపను చూడ్డానికి వెళితే ఆ కూలి పోతుంది, పైగా బస్సు చార్జీలు, చేతిలో ఏదో ఒక బొమ్మ. చిట్టి వేళ్ళమీద లెక్క చూసుకుంది. ఒక్కసారి వెళ్ళొస్తే పాప ఇంటికొచ్చే రోజు రెండున్నర రోజులు వెనక్కిపోతుంది. ప్రతివారం వెళితే ఏడాదిలో కాదు, ఏడాదిన్నరకు గానీ కాదు. బడి తప్పిపోతుంది.

అక్కకు ఫోను చేసి చెప్పింది. "ఇకనుంచి నెలకోసారి వస్తానక్కా. తొందరగా తీసుకెళ్ళడానికే."

"అది నిన్ను అడుగుతుందే," అంది అక్క.

"నువ్వున్నావుగా."

అక్క "ఉన్నాలే," అంది.

నెలకొకసారి కాస్తా రెండు నెలలకొకసారి అయింది. డబ్బు మాత్రం నిజంగానే పెరిగింది. బ్యాంకు పుస్తకంలో అంకె చూసుకున్నప్పుడల్లా, పాప ఒక అడుగు దగ్గరికొచ్చినట్టుండేది. సాయంత్రాలు ఫోన్లో పాప గొంతు వినిపించేది. "ఎప్పుడొస్తావ్?" అన్నది మొదటి మాట. "రేపు కాదు, ఎల్లుండి కాదు, ఆ పై ఆదివారం" అని చిట్టి పాటలా చెప్పేది. అటు పాప వేళ్ళమీద లెక్కపెట్టుకునేది.

ఎనిమిదో నెలలో, పాప దగ్గరికి వెళ్ళాల్సిన ఒక ఆదివారం వచ్చింది. చిట్టి బస్సుకు బయల్దేరుతుండగా బట్టల షాపు మేనేజరు ఫోను చేశాడు. ఏడాది లెక్క ఆ రోజే తేలాలట, మనుషులు చాల్లేదట, వస్తే మూడింతల కూలి. బస్టాండుకు వెళ్ళే దారి, షాపుకు వెళ్ళే దారి ఒకే చోట చీలతాయి. చిట్టి అక్కడ చేతిసంచీతో నిలబడింది. మూడింతలంటే రెండువేల రెండువందల యాభై. నాలుగు రోజులు ముందుకు. వచ్చే ఆదివారం వెళితే పోలా అనుకుంది. షాపులోకి వెళ్ళగానే గుమ్మం దగ్గర ఫోన్లు తీసేసుకుని పెట్టెలో పెట్టి తాళం వేశారు. లోపల ఫోను చేసుకుందామనుకున్న చిట్టి, "అయ్యో, ఒక్క మాట చెప్పి ఇస్తానండీ" అంది. వెనక వరుస తోస్తోంది. "భోజనాలప్పుడు ఇస్తాం, పదమ్మా," అన్నాడు గార్డు.

భోజనాలకు రెండింటికి వదిలారు. ఫోను తీసేసరికి అక్కవి పద్నాలుగు కాల్స్.

"ఎక్కడ చచ్చావే? బస్సుకేమైనా అయిందేమోనని ఇక్కడ మా ప్రాణాలు పోతున్నాయి!" అక్క ఏడుస్తోంది. "పదింటినుంచీ ఒంటిగంట దాకా మీ బావా పాపా బస్‌స్టాపులోనే నిలబడ్డారు. ఎండలో. వచ్చిన ప్రతి బస్సూ ఎక్కి చూసిందట."

"పాపకివ్వక్కా."

పాప ఫోను తీసుకుంది. చిట్టి ఏదేదో చెప్పింది. పనిపడింది, వచ్చే వారం ఖాయం, పెద్ద బొమ్మ తెస్తా. పాప అన్నీ వింది. "సరే," అంది.

ఆ రోజునుంచి పాప "ఎప్పుడొస్తావ్" అని అడగడం మానేసింది. చిట్టి మొదట్లో అది గమనించలేదు. గమనించాక, పిల్లకు బుద్ధొచ్చింది, అర్థం చేసుకుంటోంది అని తనకు తాను చెప్పుకుంది.

పదో నెలలో ఒక సాయంత్రం ఫోను చేస్తే అటు పాప తీసింది. పేరు చూసుకుని లోపలికి కేక వేసింది. "అమ్మా! కళ్ళజోళ్ళమ్మ ఫోను!"

అక్క పరుగెత్తుకొచ్చిన చప్పుడు, గాజులు బల్లకు తగిలిన చప్పుడు వినిపించాయి. "ఏంటే చిట్టీ, అన్నం తిన్నావా?" అక్క గొంతులో తడబాటు. చిట్టి తిన్నానంది. ఎండల గురించి మాట్లాడుకున్నారు. ఇద్దరిలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు మిషను దగ్గర అద్దం చేతిలో పుటుక్కున విరిగింది. చిట్టి చేతిలో అద్దం విరగడం అదే మొదలు. పవర్ తాత నీళ్ళు ఆపి, ముక్కలు ఏరి, స్టూలు దగ్గరకు జరుపుకున్నాడు. ఏమైందని అడిగాడు. చిట్టి చెప్పింది. నవ్వుతూనే చెప్పింది, "ఇద్దరమ్మలైతే పేర్లు పెట్టుకోవద్దూ మరి" అని.

తాత నవ్వలేదు. "ఇంకా ఎంత తక్కువ?"

"నలభై అయిదు వేలు."

"నా దగ్గరుంది. రేపు తెచ్చిస్తా. ఈ ఆదివారమే వెళ్ళి పిల్లని తెచ్చుకో."

"వద్దు తాతా."

"వడ్డీ లేదు, కాగితం లేదు. నెలకు వెయ్యి చొప్పున నా మొహాన కొట్టు."

"అప్పు వద్దు తాతా. మూణ్ణెల్లే కదా. ఇన్నాళ్ళు ఆగినదాన్ని."

"ఆగింది నువ్వమ్మా," అన్నాడు తాత. మళ్ళీ నీళ్ళు వదిలాడు.

బడులు తెరవడానికి పన్నెండు రోజుల ముందు చిట్టి పుస్తకంలో అంకె రెండు లక్షలు దాటింది. టైర్ల కంపెనీవాడి బాకీ తీర్చి, కాగితం అక్కడే చింపించింది. రెండు గదుల ఇల్లు తీసుకుంది, దుకాణానికి దగ్గర్లోనే, కిటికీ ఉన్న ఇల్లు. పాపకు చిన్న మంచం కొంది. టీచరమ్మ పాత కథల పుస్తకాలు పది ఇచ్చింది. ఆ ఆదివారం బస్సెక్కినప్పుడు చిట్టి కాళ్ళు నేలమీద లేవు.

అక్క పాప బట్టలన్నీ ఇస్త్రీ చేసి రెండు సంచుల్లో సర్దిపెట్టింది. మొహం వాచి ఉంది. బావ మోటారు విప్పుకుని పెరట్లో కూర్చున్నాడు, తలెత్తలేదు. పాప కొత్త చెప్పులు వేసుకుని బుద్ధిగా నిలబడింది. పొడుగైంది, ముందు పళ్ళు రెండు ఊడాయి. అక్క వంగి పాప నుదుటిమీద ముద్దు పెట్టుకుని, "వెళ్ళిరా అమ్మా," అని చటుక్కున లోపలికి వెళ్ళిపోయింది.

బస్సులో పాప కిటికీ దగ్గర కూర్చుని చెట్లు లెక్కపెట్టింది. అడిగినదానికి జవాబు చెప్పింది. చిట్టి భుజం మీద తల పెట్టుకోమంటే పెట్టుకుంది, మెడ బిగుసుకునే ఉంది.

కొత్త ఇంట్లో పాప ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. పెట్టింది తింది, పడుకోమన్న చోట పడుకుంది, బొమ్మలతో ఆడి మళ్ళీ అన్నీ వరసగా సర్దేసింది. చిట్టి కోతి గొంతు, మొసలి గొంతు పెట్టి కథ చదివితే మర్యాదగా నవ్వింది. మూడోరోజు పొద్దున చిట్టి పాలు కాస్తుంటే వంటగది గుమ్మం దగ్గర నిలబడి అడిగింది.

"మంచినీళ్ళు తాగొచ్చా అండీ?"

చిట్టి గరిటె పక్కన పెట్టింది. పొరుగింటికి వెళ్ళినప్పుడు అలా అడగాలని అక్క నేర్పి ఉంటుంది. మంచి పెంపకమే. "ఇది నీ ఇల్లేనే బంగారం. అడగక్కర్లేదు," అంది. పాప సరేనని తలూపింది. మర్నాడు బాత్రూముకు వెళ్ళడానికి మళ్ళీ అడిగింది.

చిట్టి పనికి వెళితే పగలు పక్కింటావిడ పాపను కనిపెట్టుకుని ఉండేది. పదోరోజు సాయంత్రం చిట్టి పని నుంచి వచ్చేసరికి పాప చెప్పులు వేసుకుని, రెండు సంచులూ పక్కన పెట్టుకుని మంచం మీద కూర్చునుంది.

"ఎక్కడికే?"

"ఇంటికి. అమ్మ 'వెళ్ళిరా' అంది కదా. వెళ్ళాను. ఇంక రావాలిగా?"

చిట్టి పాప ఎదుట నేలమీద కూర్చుంది. ఇదే నీ ఇల్లని, నేనే అమ్మనని, నిన్ను తెచ్చుకోవడానికే ఇన్నాళ్ళు పనిచేశానని చెప్పింది. పాప వింటూనే చెప్పు పట్టీ తీసింది, పెట్టింది, తీసింది. ఆ తర్వాత బడిలో తల బల్లమీద పెట్టుకుని కూర్చుంటోందని కబురొచ్చింది. తిండి తగ్గింది. పక్క తడపడం మొదలుపెట్టింది. తడిపిన దుప్పటిని ఎవరూ చూడకుండా తానే ఉతకబోయి సబ్బునీళ్ళలో జారిపడింది. మోచెయ్యి చీరుకుపోతే అప్పుడు ఏడ్చింది. "అమ్మా, అమ్మా" అని ఏడ్చింది. చిట్టి ఎత్తుకుంటే ఆమె భుజం మీంచి గుమ్మం వైపు చేతులు చాచి ఏడ్చింది.

అక్కకు ఫోను చేస్తే బావ తీశాడు. "మీ అక్క మంచం దిగట్లేదమ్మా," అన్నాడు. "నీమీద కోపం కాదు. పాప గొంతు వింటే ఉండలేనని ఫోను ముట్టుకోవట్లేదు."

ఇరవయ్యారో రోజున చిట్టి సెలవు పెట్టి, పాపను తీసుకుని బస్సెక్కింది. ఎక్కడికో చెప్పలేదు. స్టాపు దగ్గర దిగగానే పాప చెయ్యి విడిపించుకుని పరుగందుకుంది. చిట్టి సంచులు మోసుకుంటూ ఇంటికి చేరేసరికి అక్క వరండాలో కూలబడి పాపను గుండెలకు అదుముకుని ఉంది. కాసేపటికి పాప అక్క చేతుల్లోంచి జారి, వంటింట్లోకి పోయి, ఎవరినీ అడక్కుండా గ్లాసు తీసుకుని నీళ్ళు ముంచుకుని గటగటా తాగింది.

సాయంత్రం అక్కాచెల్లెళ్ళిద్దరూ పెరటి మెట్లమీద కూర్చున్నారు.

"నేను నేర్పలేదే," అంది అక్క. "అమ్మా అని పిలవమని ఒక్కరోజు నేర్పలేదు. నీ ఫోటో రోజూ చూపించేదాన్ని." చేతుల వంక చూసుకుంది. "కానీ పిలిచినప్పుడు ఆపలేదు. ఆపాల్సింది. ఆపబుద్ధి కాలేదు. నన్ను తిట్టు చిట్టీ."

చిట్టి తిట్టలేదు. తిట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని వెతుక్కుంది గానీ దొరకలేదు. "అది నిద్రపోయాక వెళతాను," అంది.

"వద్దు. చెప్పే వెళ్ళు," అంది అక్క.

చెప్పే వెళ్ళింది. పాప గేటు దాకా వచ్చి చెయ్యి ఊపింది.

ఇంటివాడు రెండు నెలల అద్దె పట్టుకుని అడ్వాన్సు తిరిగిచ్చాడు. బడివాళ్ళు కట్టిన ఫీజు తిరిగి ఇచ్చేది లేదన్నారు. చిన్న మంచం సగం ధరకు పోయింది. పవర్ తాతకు చెప్పి, టీచరమ్మకు చివరి కథ చదివి, చిట్టి అక్క వాళ్ళ ఊరికే మారిపోయింది. అక్కడ ఒక చిన్న కళ్ళజోళ్ళ దుకాణంలో చేరింది. జీతం తక్కువ, గది ఒకటే. వాళ్ళింటికి నాలుగు వీధులు. పాప బడి వదిలాక వచ్చి గంటో రెండు గంటలో ఉండి హోంవర్కు చేసుకుంటుంది. తర్వాత బావ వచ్చి తీసుకెళతాడు. మొదట్లో పాప గోడ గడియారం చూసుకుంటూ కూర్చునేది. ఏడాది గడిచాక గడియారం చూడ్డం తగ్గింది. ఒకసారి చిట్టికి జ్వరమొస్తే తనంతట తానే వచ్చి తల పట్టింది. రాత్రి పడుకోవడానికి మాత్రం ఎప్పుడూ అక్కడికే పోతుంది. ఉండమని చిట్టి అడగలేదు.

పాపకు తొమ్మిదేళ్ళు నిండిన ఏడు, ఒక సాయంత్రం భాగహారాలు చేస్తూ పెన్సిలు ఆపి అడిగింది.

"నన్ను ఎందుకు వదిలేసి వెళ్ళావ్?"

చిట్టి బట్టలు మడతపెడుతోంది. ఎవరో చెప్పుంటారా, తానే అనుకుందా తెలియలేదు. ఎన్నోసార్లు మనసులో చెప్పుకున్న జవాబు ఒకటుంది, పొడుగ్గా ఉంటుంది, దాన్ని పక్కన పెట్టింది.

"డబ్బు కూడబెట్టడానికి."

"ఎంత?"

"రెండు లక్షలు."

పాప పెన్సిలు చివర కొరికింది. "అది చాలా ఎక్కువా?"

"అప్పుడు చాలా ఎక్కువనుకున్నా," అంది చిట్టి.

పాప తలూపి, పుస్తకం మీదికి వంగి, సగంలో వదిలేసిన లెక్క మళ్ళీ మొదలుపెట్టింది. వీధిలో బావ బండి చప్పుడు వినిపించింది.